తాబేలు నోరు మెదపని పూట

ఆ రోజు పొద్దున్న ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలదాకా నోరు మెదపకూడదు. ఉప్పునీళ్ళు పుక్కిలించాలి, బుగ్గన గొంతు బిళ్ళ పెట్టుకోవాలి, మడత నలగని చొక్కా ఒకటి తొడుక్కుని చల్లగా ఇంట్లోంచి జారుకోవాలి. డెబ్బై ఏళ్ళ మనిషికి ఇదేమంత కష్టమైన పని కాదు. కాకపోతే ఆ డెబ్బై ఏళ్ళ మనిషికి పెళ్ళయింది.

వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. 'పిట్టమ్మగారి ఆయన' అంటారు. పిట్టమ్మంటే ఆయన భార్య. వాళ్ళిద్దరూ వయసులో ఉన్నప్పుడు, చేత్తో గీసిన బొమ్మలతో ఒక సినిమా వచ్చింది. వరదలో గూడు కొట్టుకుపోయిన పిట్టపిల్లని ఒక ముసలి తాబేలు వీపున ఎక్కించుకుని, దాని తల్లిని వెతుకుతూ అడవంతా తిరుగుతుంది. అంతే కథ. ఆ పిట్టకి ఆవిడ గొంతిచ్చింది, తాబేలుకి ఆయన ఇచ్చాడు. ఆ సినిమా చూసిన పిల్లలు పెద్దవాళ్ళై, తమ పిల్లలకి చూపించారు. ఆ పిల్లలూ పెద్దవాళ్ళయ్యారు. ఇప్పటికీ ఆవిడ కూరగాయల కొట్లో నిలబడి "ఈ టమాటాలు మెత్తబడ్డాయేమిటి?" అని అడిగితే చాలు, వెనకనుంచి ఎవరో ఒకరు "అయ్యో, మీరు పిట్ట కదూ!" అని చెయ్యి పట్టుకుంటారు.

తాబేలు సంగతి వేరు. ఆ వేషం కట్టేనాటికి ఆయన ముప్ఫై నిండని కుర్రాడు. గొంతు వణికించి, దగ్గు కలిపి, మాటకీ మాటకీ మధ్య ఆయాసం పెట్టి ముసలివాణ్ణి పుట్టించాడు. అంత బాగా పుట్టించాడు కనుకనే ఆ గొంతుకీ ఆయనకీ ఉన్న చుట్టరికం ఎవరూ కనిపెట్టలేకపోయారు. "తాబేలుకి చెప్పినాయనా? పాపం, ఆయన ఎప్పుడో పోయుంటారండీ, అప్పటికే బాగా పెద్దాయన కదా" అని ఆయన ముఖంమీదే అన్నవాళ్ళున్నారు. ఆయన కూడా తల ఊపి "పాపం" అనేవాడు.

అలాంటి మనిషికి నాలుగు రోజుల కిందట ఫోను వచ్చింది. ఆ సమయానికి పిట్టమ్మ స్నానంలో ఉంది. అవతల ఎవరో ఆడమనిషి. పాత సినిమాని శుభ్రం చేసి మళ్ళీ హాళ్ళలో వేస్తున్నామనీ, ఒకచోట శబ్దపు రీలుకి బూజు పట్టి మాటలు పాడైపోయాయనీ, ఆ గొంతే మళ్ళీ కావాలనీ చెప్పింది. లైను గురగురలాడుతోంది. "గురువారం పదకొండింటికి... రం... ండి. గొంతు మాత్రం కాస్త... చూసుకో... ండి" అని వినపడింది. ఆయన "తప్పకుండా, తప్పకుండా" అని, ఫోను పెట్టేసి, అద్దం ముందుకెళ్ళి తన ముఖాన్ని కాసేపు గౌరవంగా చూసుకున్నాడు.

భార్యకి చెప్పలేదు. దానికో కారణం ఉంది. కిందటేడు ఏదో నొప్పుల మందు ప్రకటనకి తాతయ్య గొంతు కావాలంటే వెళ్ళాడు. చెప్పించినంతసేపు చెప్పించి "మళ్ళీ ఫోన్ చేస్తాం సార్" అన్నారు. చెయ్యలేదు. ఆ సాయంత్రం పిట్టమ్మ ఏమీ అడగలేదు. కాఫీలో మాత్రం ఒక చెంచా చక్కెర ఎక్కువ వేసి ఇచ్చింది. ఆ చక్కెరలోని జాలి ఇప్పటికీ ఆయన నాలికమీద ఉంది. అది ఇంకోసారి తాగే ఓపిక ఆయనకి లేదు. అందుకే రహస్యంగా వెళ్ళి, తాబేలుని మళ్ళీ బతికించి, సినిమా వేసిన రోజున ఆవిడని హాల్లో పక్కన కూర్చోబెట్టుకోవాలనుకున్నాడు. ముందురోజు నడకకి వెళ్తున్నానని చెప్పి గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఆవిడ గొంతులో దీపం వేసి చూసి, "కాస్త అలిసింది, అంతే. రేపు రికార్డింగు అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకండి. గుసగుసలు అసలే వద్దు" అని పంపించింది.

చిక్కేమిటంటే, ఆయన పొద్దున్నే పేపరు పైకి చదివే మనిషి. ఊరికే చదవడు. మంత్రులకి సలహాలిస్తూ, ఆటగాళ్ళని కేకలేస్తూ చదువుతాడు. వంటింట్లో పిట్టమ్మ దానికి అడ్డు చెబుతూ పని చేసుకుంటుంది. ఆ రోజు పేపరు తిరిగిన చప్పుడే తప్ప మనిషి చప్పుడు లేదు.

"ఏమండీ, ఇవాళ ప్రపంచంలో ఏమీ జరగలేదా?" అని వంటింట్లోంచి అడిగింది ఆవిడ.

ఆయన చెయ్యి ఊపాడు. గోడకి అవతలనుంచి చెయ్యి కనపడదని ఆలస్యంగా గుర్తొచ్చింది.

"మిమ్మల్నే."

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన నవ్వాడు. ఇన్నేళ్ళ కాపురంలో పొద్దున్నపూట కారణం లేకుండా ఆయన నవ్విన సందర్భం ఆవిడకి తెలియదు. అనుమానంగా చూసింది. ఇక లాభం లేదని ఆయన కలం తీసి, పేపరు అంచున రాసి చూపించాడు: 'ఇవాళ నోరు తెరవకూడదు.'

తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా చెల్లిపోతుంది. ఆ సౌకర్యమే ఆయన కొంప ముంచింది. పిట్టమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివింది, తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"నన్నా?" అంది.

ఆయన గాభరాగా తల అడ్డంగా ఊపి, కలం మళ్ళీ అందుకున్నాడు. ఈలోగా ఆవిడ పేపరూ కలమూ రెండూ లాక్కుంది.

"నోరు తెరవొద్దని నన్నా? రాసి మరీ చూపిస్తారా? నోటితో అనడానిక్కూడా పనికిరాకుండా పోయానా? అసలు ఈ ఇంట్లో నేనేం మాట్లాడుతున్నానని? ఉప్పు అయిపోయింది, పాలు పొంగిపోయాయి, మీకు చెమట పట్టింది, చొక్కా మార్చుకోండి, ఇవేగా నా మాటలు! ఇవీ మానెయ్యమంటే మానేస్తాను. ఇదిగో, మానేశాను!" అని ఆ తరవాత పావుగంట ఆగకుండా మాట్లాడింది.

ఆయన అన్నిటికీ తలతోనే జవాబిచ్చాడు. నా మాట చేదైపోయిందా అంటే కాదని ఊపాడు. అయితే మాట్లాడనా అంటే మాట్లాడమని ఊపాడు. "మరి మీరెందుకు మాట్లాడరు?" అని అడిగేసరికి చిక్కొచ్చింది. ఆ ప్రశ్నకి తల ఎటు ఊపినా జవాబు కాదు.

కోపం చల్లారాక ఆవిడకి భయం మొదలైంది. ఆయన అలగడం ఆవిడకి కొత్త కాదు. కానీ అలిగితే ఇంకా ఎక్కువ మాట్లాడతాడు. కుర్చీతో మాట్లాడతాడు, గోడతో మాట్లాడతాడు, ఆవిడకి వినపడేంత గట్టిగా తనతో తానే మాట్లాడుకుంటాడు. నోరు కట్టేసుకుని కూర్చోవడం మాత్రం ఎప్పుడూ లేదు. "ఏమండీ, ఒంట్లో బాగుందా?" అన్నప్పుడు ఆవిడ గొంతు కొంచెం వణికింది. ఆయనకి జాలేసింది. ఇంకెంత, రెండు గంటలు ఓర్చుకుంటే చాలనుకుని, ధైర్యం చెప్పడానికి ఆవిడ భుజం మెల్లగా తట్టాడు.

అది మహా పొరపాటు. ఆయన ఆవిడ భుజం తట్టింది ఇంతకుముందు ఒక్కసారే, ఆవిడ తల్లి పోయిన రోజున. పిట్టమ్మ గబగబా వెళ్ళి కూతురికి ఫోను చేసింది. "మీ నాన్నకి మాట పడిపోయిందే! నా భుజం కూడా తడుతున్నారు!"

కూతురు బడిలో టీచరు, క్లాసు వదిలి రాలేక మొగుణ్ణి పంపింది. అల్లుడు ఆరోగ్య బీమా కంపెనీలో పనిచేస్తాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. ఏ జబ్బు ఏ గుర్తుతో మొదలవుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వస్తూనే చెప్పులైనా విప్పకుండా మామగారి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"మామయ్యగారూ, ఒక్కసారి నవ్వండి."

ఆయన నవ్వాడు. బుగ్గలో బిళ్ళ ఉంది కదా, నవ్వు ఒక పక్కకే వెళ్ళింది.

"అత్తయ్యగారూ, మీరేం కంగారు పడకండి" అన్నాడు అల్లుడు, విన్న ఎవరికైనా కాళ్ళూ చేతులూ చల్లబడే గొంతుతో. "మామయ్యగారూ, చేతులు రెండూ పైకెత్తండి."

ఆయన చూపు గోడ గడియారం మీద పడింది. ఆలస్యమవుతోందని చెప్పడానికి ఒక చెయ్యెత్తి దాన్ని చూపించాడు.

"ఒకటే ఎత్తారు" అన్నాడు అల్లుడు నీరసంగా.

ఆయన గొంతు చూపించుకున్నాడు. "ఊపిరాడట్లేదట!" అంది పిట్టమ్మ. నోటి దగ్గర పిడికిలి మైకులా పట్టుకుని చూపించాడు. "దాహమట!" అని నీళ్ళు తెచ్చింది. ఆఖరికి ఆయనకి ఒక ఉపాయం తట్టింది. ఈ లోకంలో ఇంకెవరికీ అర్థం కాకపోయినా ఈవిడకి అర్థమయ్యే సైగ ఒకటుంది. భుజాలు పైకి లేపి, మెడ చొక్కా కాలరులోకి లాక్కుని, మోచేతులు పక్కలకి ఆనించి, తల మెల్లమెల్లగా బయటికీ లోపలికీ ఆడించాడు. తాబేలుని ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేరు.

"అయ్యో, ఫిట్సు!" అని అరిచింది పిట్టమ్మ.

ఆ అరుపు పక్కింటిదాకా వెళ్ళింది. పక్కింట్లో ఉండేది అగ్నిమాపక కేంద్రంలో ఆఫీసరుగా పనిచేసి దిగిపోయినాయన. దిగిపోయిన దగ్గర్నుంచీ ఆయన కోసం ఎక్కడా ఏదీ అంటుకోలేదు. ఆ అరుపు వినగానే మనిషిలో ప్రాణం లేచొచ్చింది. ఒక్క ఉదుటున వచ్చి కిటికీలన్నీ తెరిచాడు, కుర్చీలు వెనక్కి తోశాడు, "అందరూ పక్కకి జరగండి, గాలి ఆడనివ్వండి!" అని ఇద్దరే ఉన్న అందరినీ జరిపాడు. అంబులెన్సుకి ఫోను చేసి, అది ఏ సందులోంచి తిరగాలో, ఏ మలుపులో హారను కొట్టాలో కూడా చెప్పాడు.

అప్పుడు పిట్టమ్మగారి ఆయన నిర్ణయం తీసుకున్నాడు. గొంతు పోతే పోయింది, నోరు తెరవాల్సిందే. లేచి నిలబడి, ఊపిరి పీల్చుకుని, "నాకేం—" అనబోయాడు. పీల్చిన ఊపిరితోపాటు బుగ్గనున్న బిళ్ళ గొంతులోకి జారింది. "నాకేం" బయటికి రాలేదు. "క్క్క్" అని మాత్రం వచ్చింది.

"మాట్లాడకండి గురువుగారూ!" అని ఆఫీసరు ఆయన వీపుమీద ఒక్క చరుపు చరిచాడు. బిళ్ళ ఎగిరి సోఫా కింద పడింది. "ఒక్క మాట కూడా వద్దు! శ్రమ పడకూడదు!" అంటూ ఎత్తి పడుకోబెట్టాడు. నోరు తెరుద్దామనుకున్నాక నోరు తెరవనిచ్చేవాళ్ళు కరువయ్యారు. ఆయన పెదవి కదిపినప్పుడల్లా ముగ్గురూ ఒక్కసారి "వద్దు, వద్దు" అన్నారు. అంబులెన్సు రాగానే ముక్కుకీ నోటికీ కలిపి ఆక్సిజను తొడుగు పెట్టేశారు. ఇక చెప్పడానికేం లేదు.

అంబులెన్సుకి సైరను ఉంది. కానీ పిట్టమ్మకి దానిమీద నమ్మకం లేదు. కిటికీ అద్దం దించి, తల బయటికి పెట్టి, "జరగండి! దారివ్వండయ్యా! మా ఆయన లోపలున్నారు!" అని దారి పొడుగునా కేకలేసింది. బస్సుని తిట్టింది, లారీని తిట్టింది, ఎర్రదీపాన్ని కూడా తిట్టింది. కేకకీ కేకకీ మధ్య లోపలికి వంగి, "ఏమండీ, పలకండి. ఒక్కసారి పలకండి. పొద్దున్న నేనన్నవేవీ మనసులో పెట్టుకోకండి. మీరు రోజంతా పేపరు చదవండి, నేను అడ్డు చెప్పను" అంది. ఆ గొంతు కొంచెం కొంచెంగా బొంగురుపోవడం ఆయనకి వినపడుతూనే ఉంది. ఎన్నో ఏళ్ళుగా గొంతులతో బతికినవాడు, గొంతు ఎక్కడ చిరుగుతుందో ఆయనకి తెలియకుండా పోదు. తొడుగు కింద నోరు విప్పలేక ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకునేసరికి ఇవే ఆఖరి ఘడియలనుకుని ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఆసుపత్రిలో మంచం చక్రాలమీద దొర్లుతుంటే, ఎదురుగా గొంతు డాక్టరమ్మ చేతిలో టీ కప్పుతో వస్తూ ఆగింది.

"అరె, మీరా! ఇక్కడ పడుకున్నారేంటి? పదకొండింటికి రికార్డింగన్నారు కదా?"

మంచం ఆగింది. అంబులెన్సు వెనకాలే కారులో వచ్చిన అల్లుడూ ఆఫీసరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆయనకి మాట పడిపోయిందండీ" అన్నాడు అల్లుడు.

"పడిపోలేదండీ, నేనే మానిపించాను. రికార్డింగు అయ్యేదాకా నోరు విప్పొద్దన్నాను." డాక్టరమ్మ తొడుగు తీసి, నాలిక చూసి, చేతులు ఎత్తించి, నవ్వించి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "బ్రహ్మాండంగా పాటించారే! చెప్పిన మాట ఇంతగా వినే పేషెంటుని నేనింతవరకూ చూళ్ళేదు. ఇంకో అరగంట ఓపిక పట్టండి మరి" అని టీ తాగుతూ వెళ్ళిపోయింది.

పిట్టమ్మ నోరు తెరిచింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఏమీ వినపడలేదు. మళ్ళీ తెరిచి చూస్తే ఆవిడ నోరైతే ఆడుతోంది గానీ బయటికి గాలి తప్ప ఏమీ రావడం లేదు. వీధులన్నీ దద్దరిల్లేలా అరిచిన గొంతు సరిగ్గా అవసరమైన వేళకి చేతులెత్తేసింది. ఆవిడ రెండుమూడుసార్లు ప్రయత్నించి, లాభం లేక, చేతిసంచీతో ఆయన భుజంమీద నాలుగు వేసింది. అయిదోది వెయ్యబోయి, అదే భుజంమీద తల పెట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపుకి కూడా చప్పుడు లేదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని, తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు, "లేవండి" అంది. "ఇంత రభస చేసి, ఆ రికార్డింగు కూడా పోగొట్టుకుంటారా? పదండి."

అల్లుడి కారులో నలుగురూ బయల్దేరారు. ఆఫీసరుని ఎవరూ రమ్మనలేదు. అయితే కారెక్కినాయన్ని దిగమనడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు.

స్టూడియోలో ఒక చిన్న గది, గోడలన్నీ దళసరి మెత్త పరుపులు, మధ్యలో మైకు, ఎదురుగా తెర. అద్దం అవతల మీటలు పరిచిన బల్ల. ఆ బల్ల దగ్గర పనిచేసే ఇంజనీరమ్మ ఎదురొచ్చింది. ఆయన చొక్కా సవరించుకుని, గొంతు సవరించుకోబోయి మానుకుని, ముందుకి ఒక అడుగు వేశాడు. ఆవిడ ఆయన్ని దాటుకుని వెళ్ళి పిట్టమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"వచ్చారా మేడమ్! చిన్నప్పుడు మీ గొంతు వింటూ నిద్రపోయేదాన్ని. మీరు రారేమోనని పొద్దుట్నుంచీ దిగులుగా ఉంది."

"నేనా?" అంది పిట్టమ్మ.

"పిట్ట మాటలే కదండీ పాడైంది. సార్‌ది ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు, వినండి." ఇంజనీరమ్మ ఒక మీట నొక్కింది. గదిలో తాబేలు మాట్లాడింది. ఆ వణుకూ ఆ దగ్గూ ఆ ఆయాసమూ నిన్న మొన్న చెప్పినంత శుభ్రంగా ఉన్నాయి. "ఫోన్లో సార్‌తో చెప్పాను కదా. గురువారం పదకొండింటికి రమ్మనండి, గొంతు మాత్రం కాస్త చూసుకోమనండి అని."

రమ్మనండి. చూసుకోమనండి. ఆయన పెదవులు ఆ రెండు మాటల్నీ చప్పుడు లేకుండా పలికి చూశాయి. లైనులో గురగురలాడుతూ కొట్టుకుపోయినవి రెండే రెండక్షరాలు. రెండు చోట్లా అవే అక్షరాలు: 'మన'. అవి పోయేసరికి మిగిలినదంతా ఆయనకి 'నేను' అనే వినపడింది.

ఆయన నిలువునా నీరైపోయాడు. తాను పొద్దుట్నుంచీ ప్రాణంలా దాచిన గొంతు ఎవరికీ అక్కర్లేదు. కావలసిన గొంతేమో, తాను పలకనందుకు, నడిరోడ్డుమీద ముక్కలైపోయింది. అల్లుడు గోడ పరుపుని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. ఆఫీసరు తన బూట్లవంక చూసుకుంటున్నాడు.

పిట్టమ్మ మాత్రం ఆయన ముఖంలోకే చూసింది. ఎందుకు దాచాడో, ఎందుకా చొక్కా తొడుక్కున్నాడో, ఏం ఆశపడ్డాడో అంతా ఆవిడకి ఆ ఒక్క చూపులో తెలిసిపోయింది. ఎంత వేళాకోళమైనా చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఇంజనీరమ్మ చెవి దగ్గరికి వంగి, "ఆయన చేత కూడా ఏదో ఒకటి చెప్పించమ్మా" అంది.

ఇంజనీరమ్మ మాట వినలేదు. గొంతు విని అదిరిపడింది. "మేడమ్, మీ గొంతేమైంది?"

"పోయింది."

"సినిమా ఆదివారం పడుతోంది మేడమ్!"

పోనీ ప్రయత్నిద్దామన్నారు. మైకు ముందు నిలబెట్టారు. తెరమీద బొమ్మ కదిలింది. ఇంజనీరమ్మ సన్నివేశం చెప్పింది. తాబేలుకి పిట్ట తల్లి ఎక్కడా దొరకలేదు. ఆ సంగతి పిట్టతో చెప్పడానికి ముఖం చెల్లక, చెప్పాపెట్టకుండా పోయి ఒక రాయి పక్కన డిప్పలోకి ముడుచుకుంటుంది. పిట్ట వానలో తడుస్తూ, పిలుస్తూ వెతుకుతుంది. పిట్టమ్మ గొంతు సన్నం చేసి పిట్టలా పలకబోయింది. నూనె లేని గిలక తిరిగినట్టు కీచుమంది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ కీచుమంది. అద్దం అవతల ఇంజనీరమ్మ తల పట్టుకుంది.

అప్పుడు ఆయన కదిలాడు. తలుపు తోసుకుని ఆ చిన్న గదిలోకి వెళ్ళి, మైకుకి అటుపక్క, భార్యకి ఎదురుగా నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఉన్నది ఒక్కటే మైకు. చెరోపక్కా నిలబడి చెప్పేవాళ్ళు. ఆవిడకి ఎత్తు చాలక పెట్టెమీద ఎక్కేది. ఈ సన్నివేశానికి ఆనాటి దర్శకుడు ఆవిడని రోజంతా నిలబెట్టేశాడు. "అరిచి అరిచి పోయిన గొంతమ్మా నాకు కావాల్సింది, నువ్వు పోయినట్టు నటిస్తున్నావు" అని విసుక్కున్నాడు. ఆఖరికి చేసేది లేక సరిపెట్టుకున్నాడు. అది ఆయన మరిచిపోలేదు. సన్నం చెయ్యొద్దని భార్యకి చేత్తో సైగ చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. పొద్దుట్నుంచీ ఆయన చేసిన సైగలన్నిట్లో అర్థమైనది అదొక్కటే.

బొమ్మ మళ్ళీ మొదలైంది. వానలో పిట్ట గెంతుతోంది. పిట్టమ్మ తెరని చూడలేదు, ఎదురుగా ఉన్న మనిషిని చూసింది.

"తాతా! ఎక్కడున్నావ్ తాతా?" చిరిగిపోయిన గొంతు. "పిలుస్తుంటే పలకవేం? ఎంతసేపట్నుంచి పిలుస్తున్నాను... నాకు భయమేస్తోంది, పలకవేం?"

తెరమీద తాబేలు డిప్ప, అందులో చీకటి. అక్కడ పాత తాబేలు మాట ఎలాగూ ఉంది, ఆయన చెప్పాల్సిన పనిలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఉండబట్టలేకపోయాడు.

"ఇక్కడే ఉన్నానే, పిచ్చిపిల్లా" అన్నాడు. వణుకు పెట్టలేదు, దగ్గు కలపలేదు. "ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాను."

అక్కడ పిట్ట కిచకిచమనాలి. ఆవిడ భోరున ఏడ్చి ఆయన గుండెమీద పిడికిలితో గుద్దింది. అద్దం అవతల అగ్నిమాపక ఆఫీసరు జేబురుమాలు తీసి, కళ్ళు తుడుచుకుని, ముక్కు కూడా చీదబోతే అల్లుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

చాలాసేపటికి ఇంజనీరమ్మ మైకులో పలికింది. "సార్... మీరు చెప్పాల్సిన పని లేదు కదండీ."

"తప్పయిందమ్మా. నోరు జారింది."

"మీ మాటా, మేడమ్ ఏడుపూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. విడదీయడం నావల్ల కాదు. పోనీ ఇంకో టేకు..." అంటూ పిట్టమ్మ వంక చూసింది. ఆవిడ నోరు తెరిచి మూసి, చేతులు తిప్పేసింది. ఈసారి గాలి కూడా రాలేదు. ఇంజనీరమ్మ మీటలమీంచి చేతులు తీసేసి నవ్వింది. "విడదీయగలిగినా నేను విడదీయను లెండి. రెండూ ఇలాగే ఉంచేస్తాను."

తిరిగి వస్తుంటే కారు వెనకసీట్లో ఆయన అంతా చెప్పాడు. ఫోను సంగతీ, మందు ప్రకటన సంగతీ, ఆ చక్కెర సంగతీ. "నీ ముందు మళ్ళీ ఓడిపోవడం ఇష్టంలేకపోయిందే" అన్నాడు. ఆవిడ ఏదో అనబోయింది. రాలేదు. ఆయన చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు. ముందుసీట్లోంచి ఆఫీసరు, సినిమాకి తనకి కూడా ఒక సీటు ఉంచమని అడిగాడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ పిట్టమ్మ గొంతులో దీపం వేసి చూసి, వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దని గట్టిగా చెప్పింది. ఇన్నేళ్ళకి ఆయనకి అడ్డు చెప్పేవాళ్ళు లేకుండా మాట్లాడే అవకాశం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా మాటలైపోయాయి.